ఆత్మకూరు అంటే ఏ ఆత్మకూరు? సూచికలో ఒకే పేరున్న ఊళ్ళు, మనుషులు

ప్రశ్న

పెద్దలకు నమస్కారం. హైదరాబాదులో మేము కొందరం కలిసి ఒక చరిత్ర వ్యాసాల సంకలనం అచ్చు వేయిస్తున్నాము. చివర ఇచ్చే అకారాది సూచిక పని నాకు అప్పగించారు. ఒకే పేరున్న ఊళ్ళు, మనుషులు ఎదురైనప్పుడు వాటిని ఎలా విడదీయాలో తేలడం లేదు. ఊళ్ళకైతే బ్రాకెట్లో జిల్లా పేరు ఇస్తే చాలునని ప్రూఫులు చూసేవారు అంటున్నారు. ప్రస్తుతం నన్ను చిక్కులో పెట్టిన మాటలు ఇవి: ఆత్మకూరు, అమరావతి, విజయనగరం, ఘంటసాల, దాశరథి. దీనికి తెలుగులో ఒక పద్ధతంటూ ఉన్నదా?

జవాబు

అమ్మా, బ్రాకెట్లో జిల్లా పేరు ఇవ్వడం చూడటానికి సులువుగానే ఉంటుంది కాని, మన రెండు రాష్ట్రాలలో అది ఎక్కువకాలం నిలిచే పద్ధతి కాదు. మీ జాబితాలో మొదటి మాటనే తీసుకోండి. నెల్లూరు జిల్లాలో ఒక ఆత్మకూరు ఉన్నది. నల్లమల గుండా శ్రీశైలం వెళ్ళే దారిలో మరొకటి ఉన్నది. అనంతపురం జిల్లాలో ఒకటి. జూరాల దగ్గర, ఒకప్పటి అమరచింత సంస్థానానికి ముఖ్యపట్టణమైనది ఒకటి. వరంగల్లు నుంచి ములుగు వెళ్ళే దారిలో ఒకటి. మోత్కూరు దగ్గర ఒకటి. సూర్యాపేట దగ్గర ఇంకొకటి. నాకు తెలిసిన పెద్ద ఆత్మకూళ్ళు ఇవి మాత్రమే. చిన్న పల్లెల జోలికి పోవడం లేదు. జూరాల దగ్గరి ఆత్మకూరుకు 2016 అక్టోబరు వరకు 'మహబూబ్‌నగర్ జిల్లా' అని రాస్తే సరిపోయేది. ఆ నెలలో తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయ్యేసరికి ఆ ఊరు వనపర్తి జిల్లాలోకి వెళ్ళింది. శ్రీశైలం దారిలోని ఆత్మకూరు 2022 ఏప్రిల్ వరకు కర్నూలు జిల్లాది. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు నంద్యాల జిల్లాది అయింది. మోత్కూరు ఆత్మకూరు, సూర్యాపేట ఆత్మకూరు ఒకప్పుడు రెండూ నల్లగొండ జిల్లావే కాబట్టి, అప్పట్లో జిల్లా పేరు ఇచ్చినా అవి విడిపోయేవి కావు. అందుకే ప్రభుత్వం ఆత్మకూరు(ఎం), ఆత్మకూరు(ఎస్) అని వాటికి అక్షరాలు తగిలించింది. తీరా ఇప్పుడు ఒకటి యాదాద్రి భువనగిరి జిల్లాలోను, రెండవది సూర్యాపేట జిల్లాలోను ఉన్నాయి. అక్షరాలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

జీవోలు జిల్లాలను మారుస్తాయి గాని నదిని, అడవిని, పక్క ఊరిని మార్చలేవు. కాబట్టి మీ సూచికలో 'నెల్లూరు ఆత్మకూరు', 'శ్రీశైలం దారి ఆత్మకూరు', 'జూరాల ఆత్మకూరు' అని రాయండి. జనం బస్టాండులో అడిగేదీ దాదాపు ఇలాగే కదా. విడదీసే మాటను పేరుకు ముందు పెట్టడం తెలుగుకు ఎప్పటినుంచో ఉన్న అలవాటు. అల్లసాని పెద్దన, విన్నకోట పెద్దన అంటాము. నంది తిమ్మన, కూచిమంచి తిమ్మకవి అంటాము. 'పెద్దన (అల్లసాని)' అని ఎవరూ రాయలేదు. మనుషులకు ఇంటిపేరు చేసే పనిని ఊళ్ళకు సంస్థాన్ నారాయణపూర్‌లోని 'సంస్థాన్', చిన్నగూడూరులోని 'చిన్న' చేస్తున్నాయి. పోచంపల్లికి 1951 ఏప్రిల్‌లో వినోబా భావే వచ్చినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానమిచ్చినందువల్ల ఆ ఊరు భూదాన్ పోచంపల్లి అయింది. గౌరవం కోసం చేర్చిన మాట గుర్తుగా కూడా పనికివచ్చింది.

మన నగరం సంగతే చూడండి. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన హైదరాబాదు ఒకటి, 1768లో మియా గులాంషా కల్హోరా సింధులో నెలకొల్పిన హైదరాబాదు ఒకటి. 1947కు ముందు అచ్చయిన పుస్తకాల ముఖపత్రాల మీద, ఉత్తరాల మీద 'హైదరాబాద్ దక్కన్', 'హైదరాబాద్ సింధ్' అని కనిపించేది ఇందుకే. రెండూ అప్పట్లో ఒకే బ్రిటిషు ఛాయలో ఉన్న ఊళ్ళు. దేశాలు వేరయ్యాక ఆ అవసరం తగ్గిపోయింది కాని, నాంపల్లి స్టేషను రైల్వేవారి లెక్కలో ఇప్పటికీ హైదరాబాద్ దక్కనే. ఆ నాంపల్లికి కూడా నల్లగొండ జిల్లాలో ఒక జోడు ఉన్నది, అది మండల కేంద్రం.

ఇక అమరావతి, విజయనగరం. ఇంగ్లీషు పుస్తకాల నుంచి అనువాదమైన వ్యాసాలు మీ సంకలనంలో ఉంటే వీటి దగ్గర మరింత జాగ్రత్త పడాలి. ఇంగ్లీషువాళ్ళు హంపీ రాజధాని పేరును ఒక విధంగా, ఉత్తరాంధ్ర విజయనగరం పేరును అక్కడివారి 'విజీనగరం' అనే పలుకుబడిని అనుసరించి మరొక విధంగా రాసుకున్నారు. ఆ వర్ణక్రమ భేదమే వాళ్ళకు గుర్తు. తెలుగులోకి రాగానే ఆ భేదం చెరిగిపోయి రెండూ విజయనగరమే అవుతాయి. 1336లో మొదలైన రాజ్యం ఒకటి, 1713లో కోట కట్టడం మొదలైన సంస్థానం ఒకటి. 'విజయనగర ప్రభువు కొలువులో' అన్న ముక్క ఒంటరిగా కనబడితే, అది 1509 నుంచి 1529 వరకు ఏలిన కృష్ణదేవరాయల కొలువో, గురజాడను ఆదరించిన ఆనంద గజపతి కొలువో చెప్పడానికి చుట్టూ ఉన్న వాక్యాలు చదవక తప్పదు. హంపీది 'సామ్రాజ్యం', పూసపాటివారిది 'సంస్థానం' అని మన చరిత్రకారులు మొదటినుంచీ పాటిస్తున్న తేడా మీకు చాలును. ఇక్కడ విడదీసే మాట పేరు తరువాత వచ్చినా ఇబ్బంది లేదు, ఎందుకంటే అది వాడుకలో స్థిరపడిన మాట.

అమరావతి కూడా ఇటువంటిదే. కృష్ణా తీరంలో స్తూపం ఉన్న అమరావతి, ఆ పేరుతోనే 2015లో శంకుస్థాపన జరిగిన రాజధాని, మహారాష్ట్ర విదర్భలోని అమరావతి, తమిళనాట కరూరు మీదుగా వెళ్ళి కావేరిలో కలిసే అమరావతి నది, వీటన్నిటికీ ముందు ఇంద్రుడి అమరావతి. విదర్భ ఊరి పేరును ఇంగ్లీషులో ఒక అచ్చు తగ్గించి రాస్తారు. మరాఠీలోనూ తెలుగులోనూ ఏ అక్షరమూ తగ్గదు. తెలుగు సినిమాలలో నటించిన నవనీత్ కౌర్ 2019లో 'అమరావతి నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు' అని తెలుగులో రాస్తే, ఆ వాక్యంలో తప్పేమీ లేకపోయినా చదివినవారు గుంటూరు వైపు చూస్తారు. 'విదర్భ అమరావతి' అంటే ఆ తడబాటు ఉండదు.

కోనసీమ సభ్యుని వ్యాఖ్య

మాస్టారూ, అక్షరాలను మరీ తీసిపారేస్తున్నారు. మా పి.గన్నవరం సంగతేమిటి? ఉత్త గన్నవరం అంటే అందరూ విజయవాడ దగ్గర విమానాశ్రయం ఉన్న గన్నవరమే అనుకుంటారు. మాది గోదావరి మీద అక్విడక్టు ఉన్న గన్నవరం. ఐ.పోలవరం అనకపోతే జనానికి ప్రాజెక్టు కడుతున్న పోలవరమే గుర్తుకు వస్తుంది. కృష్ణా వైపు ఏ.కొండూరు, జి.కొండూరు అని రెండు మండలాలున్నాయి. అక్షరం తీసేస్తే రెండూ ఒకటైపోతాయి. మా ఊళ్ళకు ఇనిషియల్సు లేకపోతే కుదరదండీ.

జవాబు

బాబూ, నేను కాదన్నది బ్రాకెట్లో వెనక తగిలించిన అక్షరాన్ని. మీ 'పి' పేరుకు ముందే ఉన్నది, నలుగురి నోటా నలిగింది, ఇప్పుడది ఊరి పేరులో భాగమే. ఆత్మకూరు(ఎం) పేరును ఎవరైనా ఎలా పలుకుతారో విని చూడండి: ఒకరు 'ఆత్మకూరు ఎం' అంటారు, మరొకరు 'మోత్కూరు ఆత్మకూరు' అంటారు. రెండవదానిలో సమాచారం ఉన్నది. మొదటిదానిలో రికార్డుల గుమస్తా సౌకర్యం తప్ప మరేమీ లేదు.

సూచికకు వచ్చే అసలు చిక్కు వేరే ఉన్నది. పి.గన్నవరాన్ని 'ప'లో చేర్చాలా, 'గ'లో చేర్చాలా? కోనసీమవారు 'ప'లో వెతుకుతారు, బయటివారు 'గ'లో వెతుకుతారు. నా ఉద్దేశంలో అసలు ఆరోపం, అంటే సూచికలో పేరు నమోదు, 'గ'లో ఉండి, 'ప'లో 'పి.గన్నవరం - గన్నవరం చూ.' అని ఒక పంక్తి ఉండాలి ('చూ.' అంటే చూడండి). కవుల విషయంలో దీనికి తలకిందులు: ఇంటిపేరుతో 'అ'లో అల్లసాని పెద్దన ఉంటాడు, 'ప'లో 'పెద్దన - అల్లసాని పెద్దన, విన్నకోట పెద్దన చూ.' అని ఉంటుంది. నిఘంటువులలో మనకు అలవాటైన 'చూ.' ఉండగా కొత్త గుర్తులు వెతుక్కోనక్కరలేదు.

హైదరాబాదు సభ్యురాలి వ్యాఖ్య

సందర్భం వచ్చింది కాబట్టి కొండాపూర్ కూడా చేర్చండి. శాతవాహనుల నాణేలు, పురావస్తు మ్యూజియం ఉన్న కొండాపూర్ సంగారెడ్డి జిల్లాది. మా వీధిలో చాలామంది దానిని హైటెక్ సిటీ పక్కన ఉన్నదే అనుకుంటున్నారు. మెట్రో చివరి స్టేషను రాయదుర్గానికీ, అనంతపురం సీమలో కోట ఉన్న రాయదుర్గానికీ మధ్య కూడా ఇదే గొడవ. అయితే నా అసలు సందేహం మనుషుల పేర్ల మీద. ఘంటసాల, దాశరథి గురించి మీరు ఇంకా చెప్పలేదు.

జవాబు

కొండాపూర్ ఉదాహరణ బాగున్నదమ్మా. 'సంగారెడ్డి కొండాపూర్' అంటే చాలును.

ఘంటసాల ఊరు, మనిషి కలిసిన పేరు కాబట్టి దాని దగ్గర కొంచెం ఆగాలి. కృష్ణా జిల్లాలోని ఘంటసాల ప్రాచీన బౌద్ధక్షేత్రం. రెండవ శతాబ్దంలో టాలెమీ పేర్కొన్న కంటకోస్సుల రేవు ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు 1922లో పుట్టింది ఆ ఊళ్ళో కాదు, గుడివాడ దగ్గరి చౌటుపల్లిలో. ఊరి పేరు ఇంటిపేరై, ఆ ఇంటిపేరే లోకానికి ఆయన పేరైపోయింది. ఇంతటితో తీరలేదు. 1944లో 'సీతారామ జననం' తీసిన దర్శకుడు ఘంటసాల బలరామయ్య; అదే సినిమాలో బృందగానంలో గొంతు కలిపిన కుర్రవాడు వెంకటేశ్వరరావు. మీ వ్యాసాల్లో ఎవరైనా 1940ల సినిమాల గురించి రాస్తూ 'ఘంటసాల' అని మాత్రమే అంటే అది ఎవరో వాక్యం చదివి తేల్చుకోవాలి. సూచికలో మూడు ఆరోపాలు పెట్టండి: ఘంటసాల (ఊరు), ఘంటసాల బలరామయ్య, ఘంటసాల వెంకటేశ్వరరావు. ఊరికి మాత్రం బ్రాకెట్ ఒప్పుకుంటాను; దానికి ముందు పెట్టడానికి ఇంటిపేరంటూ లేదు, అదే ఒక ఇంటిపేరు కాబట్టి.

దాశరథి దగ్గర ఇంకొక రకం పొరపాటు జరుగుతుంది. 'దాశరథి శతకం' భద్రాచల రామదాసు, అంటే కంచెర్ల గోపన్న, 17వ శతాబ్దంలో చెప్పినది. అక్కడ దాశరథి అంటే దశరథుని కొడుకైన రాముడు, 'దాశరథీ కరుణాపయోనిధీ' అని మకుటం. చిన్నగూడూరులో పుట్టిన దాశరథి కృష్ణమాచార్యకు (1925-1987), ఆయన తమ్ముడు రంగాచార్యకు అది ఇంటిపేరు. శతకాన్ని కృష్ణమాచార్య ఖాతాలో వేసిన పాఠ్య ప్రశ్నపత్రాన్ని నేను కళ్ళారా చూశాను. ఏ పాఠశాలదో చెప్పను. రామదాసు అన్నప్పుడు కూడా గోల్కొండ చెరలో ఉన్న గోపన్న, అదే శతాబ్దంలో మహారాష్ట్రలో ఉన్న సమర్థ రామదాసు వేరువేరని మరవవద్దు.

శ్రీపాద అనే పేరును కూడా ఒకసారి సరిచూసుకోండి. భారతాన్ని తెలుగు చేసిన కృష్ణమూర్తి శాస్త్రి, కథకుడు సుబ్రహ్మణ్య శాస్త్రి, సంగీతజ్ఞుడైన వైద్యుడు పినాకపాణి ముగ్గురికీ అది ఇంటిపేరు. ఎల్లంపల్లి ప్రాజెక్టుకు పెట్టిన 'శ్రీపాద' మాత్రం శాసనసభ స్పీకరుగా పనిచేసిన శ్రీపాదరావు సొంత పేరు. చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభది వాగ్గేయకారుడి పేరు. మద్రాసులోని త్యాగరాయ నగరుది జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టి పేరు.

ప్రశ్న వేసినవారి వ్యాఖ్య

చాలా సాయం చేశారండీ. ఒక చివరి సందేహం. కృష్ణ, కృష్ణా అని రెండు విధాలుగానూ ఉన్నాయి. దీర్ఘం ఉంటే నది, లేకపోతే దేవుడో మనిషో అనుకుని విడదీయవచ్చునా?

జవాబు

చాలావరకు విడదీయవచ్చును కాని, దీర్ఘాన్ని పూర్తిగా నమ్మకండి. నది పేరు సంస్కృతంలో ఆకారాంత స్త్రీలింగం, కృష్ణా. తెలుగులోకి వచ్చిన అటువంటి మాటల చివరి దీర్ఘం, సీతా అన్నది సీత అయినట్టు, హ్రస్వమవుతుంది. సమాసంలో మాత్రం దీర్ఘం నిలుస్తుంది కనుక కృష్ణా నది, కృష్ణా జిల్లా, కృష్ణాతీరం అంటాము. విడిగా 'కృష్ణ పొంగింది' అంటే అదీ నదే. ఇక 'కృష్ణాష్టమి'లో దీర్ఘం ఉన్నా దానికి నదితో సంబంధం లేదు. అది కృష్ణ, అష్టమి కలిసినప్పుడు సంధివల్ల వచ్చిన దీర్ఘం. నారాయణపేట జిల్లాలో నది ఒడ్డున రైల్వేస్టేషను ఉన్న ఊరి పేరు కూడా కృష్ణే, హ్రస్వంతో.

అలాగే 'మధుర'ను దిద్దవద్దు. మీనాక్షి ఉన్న ఊరిని తెలుగువారు మధుర అనే అన్నారు, అక్కడ ఏలినవారు మధుర నాయకరాజులు. కృష్ణుడి ఊరిని 'థ'తో మథుర అని రాస్తే తేడా తెలుస్తుందని కొందరు సలహా ఇస్తారు కాని, పోతన భాగవతంలో ఆ ఊరు కూడా 'ధ'తో మధురాపురమే. పద్యం ఉదహరించిన వ్యాసంలో అక్షరం మార్చకుండా, సూచికలో 'ఉత్తర మధుర', 'దక్షిణ మధుర' అని రెండు ఆరోపాలు పెట్టండి. ప్రూఫులు సిద్ధమయ్యాక 'ఆ' నుంచి 'క' వరకు ఉన్న పుటలు ఇక్కడ పెడితే అందరం చూస్తాము.