పైపర్ కబ్: చేత్తో వదిలితే చక్కగా దిగుతోంది, రబ్బరు తిప్పితే ముక్కెత్తి పడిపోతోంది

కాగితంరెక్క:

నమస్కారం అందరికీ. రెండు సీట్ల చిన్న విమానం పైపర్ కబ్ జె-3కి, మెలిపెట్టిన రబ్బరుతో ఎగిరే మోడల్‌ని 1/18 స్కేల్‌లో కట్టాను. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 60 సెంటీమీటర్లు, వెడల్పు 9. బల్సా అనే తేలిక చెక్కతో చట్రం, దానిమీద పసుపు టిష్యూ కాగితం. పక్కనుండే నల్ల మెరుపు గీతకి కూడా రంగు వెయ్యలేదు, బరువు పెరుగుతుందని నల్ల టిష్యూ కోసి అంటించాను. రబ్బరు లేకుండా 58 గ్రాములు తూగింది. అందులో 11 గ్రాములు ముక్కులో బరువు కోసం పెట్టిన క్లే. ప్రొపెల్లర్ ప్లాస్టిక్‌ది, 18 సెంటీమీటర్లు. రబ్బరు 3 మిల్లీమీటర్ల పట్టీ, రెండు లూపులు, అంటే నాలుగు పోగులు. రబ్బరు తగిలించే ముందు హుక్కు నుంచి వెనక పుల్ల దాకా 25 సెంటీమీటర్లు, రబ్బరు పొడవు 45.

ముందు రబ్బరు తీసేసి, ఎత్తుగా పెరిగిన గడ్డి మీద చేత్తో వదిలి చూశాను. ఎంత నెమ్మదిగా, ఎంత తిన్నగా దిగిందో! క్లే సరిపోయిందనుకున్నాను. తర్వాత రబ్బరు ఎక్కించి 100 చుట్లు తిప్పితే ఎడమకి మెల్లగా తిరుగుతూ దిగింది. 250 చుట్లకి మాత్రం వదలగానే ముక్కు పైకెత్తి, ఒక్క క్షణం గాల్లో ఆగి, ఎడమ రెక్క వాల్చి నేలకి వచ్చేస్తోంది. ఇంకోటి కూడా గమనించాను. తక్కువ చుట్లతో ఎగిరినప్పుడు కూడా, రబ్బరు అయిపోయాక చివర్లో అలలు అలలుగా ఊగుతూ దిగుతోంది. రబ్బరు లేకుండా చేత్తో వదిలిన ఉత్త గ్లైడ్‌లో ఆ ఊగుడు లేదు.

ముక్కులో ఇంకో 5 గ్రాముల క్లే పెట్టమని ఒక మిత్రుడు, తోక వెనక అంచుని కొంచెం కిందికి వంచమని ఇంకొకరు చెప్పారు. ఇప్పటికే 11 గ్రాములుంది, ఇంకా పెట్టాలంటే మనసొప్పడం లేదు. ఏం చెయ్యమంటారు?

గాలివాటం:

నేనైతే తోక పెంచుతాను. పడుకోబెట్టిన తోక వైశాల్యం 20 శాతం పెంచితే ఇలాంటి ఇబ్బందులు చాలావరకు సర్దుకుంటాయి. అసలు విమానాల తోకలు మోడల్‌కి చిన్నవైపోతాయి. నా స్పిట్‌ఫైర్‌కి అలాగే చేశాను, దూరం నుంచి చూస్తే ఎవరికీ తెలియదు.

బల్సాబాబాయ్:

కాగితంరెక్క గారూ, అన్ని కొలతలూ ఇచ్చి అడిగారు, చాలా సంతోషం. కొలతలుంటే విమానాన్ని చూడకుండానే సగం సంగతి చెప్పొచ్చు.

ముందు గాలివాటం గారి మాట. స్పిట్‌ఫైర్‌కి తోక పెంచడం సరైనదే, కింద రెక్క ఉన్న యుద్ధ విమానాలు అది లేకుండా మాట వినవు. కబ్ సంగతి వేరు. రెక్క పైన ఉంది, తోక పొడుగ్గా వెనక్కి ఉంది, వైశాల్యం కూడా ఉన్నంతలో బాగానే ఉంటుంది. రబ్బరుతో ఎగిరే స్కేల్ మోడల్‌కి ఇంతకంటే అనువైన విమానాలు తక్కువ. దాని తోక రూపం మార్చడం నాకు ఇష్టం ఉండదు. ఆ గుండ్రటి తోక చూసే కదా ఎవరైనా దూరం నుంచే కబ్ అని గుర్తుపట్టేది!

ఇక అసలు విషయం. మీకున్నవి రెండు వేరువేరు సమస్యలు, ఒకేసారి కనబడుతున్నాయి. రెంటికీ ఒకే మందు వేస్తే రెండూ కుదరవు.

మొదటిది ఆ చివరి ఊగుడు. మీరు గ్లైడ్ చూసింది రబ్బరు తీసేసి. మీ రబ్బరు దాదాపు 6 గ్రాములుంటుంది. కబ్‌లో హుక్కు నుంచి పుల్ల దాకా మధ్య బిందువు తీసుకుంటే అది విమానం బరువు సరిగ్గా తూగే చోటుకి, అంటే బ్యాలెన్స్ పాయింట్‌కి, కొన్ని సెంటీమీటర్లు వెనక పడుతుంది. అంటే రబ్బరు ఎక్కించగానే బరువు వెనక్కి జరిగింది. దీనికి తోడు 25 సెంటీమీటర్ల చోటులో 45 సెంటీమీటర్ల రబ్బరు ఉంది. చుట్లు అయిపోయాక ఆ వదులు రబ్బరంతా ఎటు పోవాలి? విమానం ముక్కెత్తి ఎగురుతోంది కాబట్టి జారి వెనక పుల్ల దగ్గర కుప్ప పడుతుంది. అక్కడికి తోక బరువు ఇంకా పెరిగింది. మీరు చూసిన అలలు అవే.

దీనికి రబ్బరుని జడలా అల్లాలి. రెండు లూపుల్నీ వేరువేరుగా, ఒకే వైపుకి కొన్ని చుట్లు తిప్పి, తర్వాత రెంటినీ జతచేసి వదిలేస్తే వాటంతట అవే ఎదురువైపుకి మెలి పడతాయి. చుట్లు లేనప్పుడు కూడా హుక్కుకీ పుల్లకీ మధ్య వేలాడకుండా నిలబడేంతగా అల్లండి. తర్వాత ఆ రబ్బరు ఎక్కించే, ప్రొపెల్లర్ తిరగకుండా ఆపి, మళ్లీ చేత్తో గ్లైడ్ చూడండి. రెక్క ముందంచు నుంచి రెండున్నర, మూడు సెంటీమీటర్ల మధ్య బ్యాలెన్స్ రావాలి. బహుశా ఇంకో రెండు మూడు గ్రాముల క్లే పట్టొచ్చు. గ్లైడ్ కుదిరిందా, ఇక ఆ క్షణం నుంచి క్లే ముట్టుకోవద్దు, తోకని కూడా ముట్టుకోవద్దు.

ఈ ఒక్క మాట కోసమే ఇంత రాస్తున్నాను. గ్లైడ్‌లో తప్పుంటే బరువుతో, తోకతో సరిచెయ్యాలి. పవర్‌లో తప్పుంటే ముక్కు దగ్గరే, అంటే ప్రొపెల్లర్ చూసే దిక్కు మార్చి సరిచెయ్యాలి. ఈ రెంటినీ కలిపేసి ఎన్నో మంచి విమానాల్ని బీరువా మీద పెట్టేశారు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఎందుకో చెబుతాను. 1871లో పారిస్‌లోని ట్యూలరీస్ తోటలో ఆల్ఫోన్స్ పెనో మెలిపెట్టిన రబ్బరుతో ప్లానోఫోర్ అనే చిన్న మోడల్‌ని ఎగరేశాడు. 11 సెకన్లు గాల్లో ఉంది. పైలట్ లేకుండా అది స్థిరంగా పోవడానికి కారణం, తోకని రెక్క కంటే తక్కువ కోణంలో పెట్టడం. వేగం పెరిగితే ముక్కు పైకి లేస్తుంది, తగ్గితే దిగుతుంది, అలా తనని తానే సర్దుకుంటుంది. మన మోడళ్లన్నీ నేటికీ ఆ సూత్రం మీదే ఎగురుతున్నాయి. కానీ రబ్బరు గట్టిగా లాగినప్పుడు వేగం గ్లైడ్ వేగాన్ని మించిపోతుంది, ముక్కెత్తే ఆ బలం వేగపు వర్గంతో పెరుగుతుంది. పైగా కబ్‌లో రెక్క పైన, ప్రొపెల్లర్ కింద. పైన రెక్క గాలిని అడ్డుకుంటుంటే కింద ప్రొపెల్లర్ లాగుతుంది, అది కూడా ముక్కుని పైకే తిప్పుతుంది. అసలు కబ్‌లో అయితే పైలట్ స్టిక్ ముందుకి నొక్కి పట్టుకుంటాడు. మన కబ్‌లో ఆ పని డౌన్ థ్రస్ట్, అంటే ప్రొపెల్లర్‌ని కొంచెం కిందికి చూసేలా వంచడం, చెయ్యాలి.

మీ మిత్రుడు చెప్పినట్టు 5 గ్రాముల క్లే పెట్టినా ముక్కెత్తడం తగ్గుతుంది, కాదనను. రబ్బరు అయిపోగానే మాత్రం అదే క్లే విమానాన్ని నిటారుగా కిందికి దింపేస్తుంది. తోక అంచు వంచినా అంతే. డౌన్ థ్రస్ట్ అలా కాదు. రబ్బరు బలంగా లాగుతున్నప్పుడు బలంగా పనిచేస్తుంది, నెమ్మదించే కొద్దీ తనూ నెమ్మదిస్తుంది, గ్లైడ్‌లో అది ఉన్నట్టే తెలియదు.

ఎలా పెట్టాలంటే, ప్రొపెల్లర్ ఉండే ముక్కు దిమ్మకీ దాని వెనకున్న చట్రానికీ మధ్య, పై అంచున సన్నటి బల్సా ముక్క దూర్చండి. దిమ్మ ఎత్తు 25 మిల్లీమీటర్లయితే 1.3 మిల్లీమీటర్ల ముక్కకి 3 డిగ్రీలు వస్తుంది. అక్కడ మొదలుపెట్టండి.

ఎడమ రెక్క వాలడం టార్క్ వల్ల, అంటే ప్రొపెల్లర్‌ని తిప్పే మెలి బలం విమానాన్ని ఎదురువైపుకి తిప్పడం వల్ల. వెనక నుంచి చూస్తే ప్రొపెల్లర్ కుడివైపు తిరుగుతుంది, విమానం ఎడమకి ఒరుగుతుంది. దానికి దిమ్మ ఎడమ అంచున ఒక మిల్లీమీటర్ ముక్క పెట్టండి, ప్రొపెల్లర్ 2 డిగ్రీలు కుడికి చూస్తుంది, దీన్నే రైట్ థ్రస్ట్ అంటారు. ఎడమకి తిరగడం పూర్తిగా మాన్పించొద్దు, ఆ వలయాన్ని పెద్దది చేస్తే చాలు.

ముక్కు దిమ్మ బిగుతుగా కూర్చోవాలి, అన్నిటికంటే ముందు అది చూసుకోండి. వదులుగా ఉంటే ప్రతిసారీ ఒక్కో కోణంలో కూర్చుంటుంది, మీరు దేన్ని సరిచేస్తున్నారో మీకే తెలియదు.

సన్నపోగు:

బాబాయ్ గారు ట్రిమ్, అంటే తిన్నగా ఎగిరేలా సర్దే సంగతంతా చెప్పేశారు, రబ్బరు గురించి కొంచెం నేను చెబుతాను. 250 చుట్లు అంటున్నారు కదా, మీ రబ్బరు ఇంకా చాలా పడుతుంది. అదే పట్టీలోంచి అదే పొడవు, అన్నే పోగుల రబ్బరు ఇంకోటి కట్టి, విమానం బయట తెగేదాకా తిప్పి లెక్కపెట్టండి. ఆ లెక్కలో 80 శాతం దాటొద్దు. పోగులు పెంచితే చుట్లు తగ్గుతాయి గాని టార్క్ బాగా పెరుగుతుంది, కాబట్టి ట్రిమ్ కుదిరేదాకా పోగుల జోలికి పోకండి.

తిప్పే ముందు సిలికాన్ ఆయిల్ రాయండి, రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని రుద్దితే చాలు. ఇంజన్ ఆయిల్, మెషిన్ ఆయిల్ లాంటివి వద్దే వద్దు, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. ప్రొపెల్లర్‌ని వేలితో తిప్పకండి. గేర్ ఉన్న వైండర్‌తో (రబ్బరు తిప్పే చేతి పరికరం), రబ్బరుని ముక్కు ముందు నుంచి బయటికి నాలుగింతలు సాగదీసి సగం చుట్లు అక్కడే వెయ్యాలి, తర్వాత తిప్పుతూ ఒక్కో అడుగు దగ్గరికి రావాలి. అలా చేస్తే ముడులు ఒక చోట పోగుపడవు.

ఇంకోటి, విమానం శరీరం లోపల ఒక సన్నటి గొట్టం పెట్టి అందులోంచి తిప్పడం అలవాటు చేసుకోండి. గొట్టం లేకుండా తిప్పుతున్నప్పుడు రబ్బరు తెగితే లోపలి స్ట్రింగర్లు (పొడవాటి సన్న పుల్లలు), టిష్యూ అన్నీ చీల్చేస్తుంది. వారాలు కూర్చుని కట్టినది ఒక్క క్షణంలో పోతే చూడలేం.

కాగితంరెక్క:

బాబాయ్ గారూ, సన్నపోగు గారూ, గాలివాటం గారూ, చాలా చాలా థాంక్స్. రబ్బరు జడ అల్లి, అది ఎక్కించే గ్లైడ్ చూశాను. మీరన్నట్టే ఊగింది. 2 గ్రాముల క్లే పెట్టాక తిన్నగా దిగింది. తర్వాత పైన 1.3, ఎడమ 1 మిల్లీమీటర్ ముక్కలు పెట్టి 250 చుట్లు తిప్పాను. ముక్కెత్తలేదు! ఎడమకి పెద్ద వలయం తీస్తూ నెమ్మదిగా పైకెళ్లింది, టిష్యూలోంచి ఎండ పడుతుంటే లోపలి రిబ్బులన్నీ కనబడ్డాయి. దిగేటప్పుడు అలలు లేవు.

రెండు సందేహాలు. ఈ ముక్కల్ని ఇక జిగురుతో అంటించెయ్యొచ్చా? క్లే ఇప్పుడు 13 గ్రాములైంది, మొత్తం బరువు 60. ఇది తగ్గించే దారి ఉందా?

బల్సాబాబాయ్:

చదువుతుంటే కడుపు నిండింది.

ముక్కలు ఇప్పుడే అంటించకండి. చుట్లు 50 చొప్పున పెంచుకుంటూ పోండి, ప్రతిసారీ మొదటి ఐదారు సెకన్లే చూడండి. నిండా తిప్పిన రబ్బరు మొదట్లో ఒక్కసారిగా లాగుతుంది, తర్వాత చాలాసేపు నిలకడగా ఉంటుంది. ఆ మొదటి ఊపులో మళ్లీ ముక్కెత్తితే పైముక్కకి ఇంకో పావు మిల్లీమీటర్ కలపండి. ఎడమకి మరీ ఒరిగితే వెంటనే రైట్ థ్రస్ట్ పెంచకుండా, ముందు వెనక నుంచి రెక్క చూడండి. ఎడమ రెక్క వెనకంచు కొస దగ్గర పైకి మెలిపడి ఉంటే దోషం అక్కడుంది. టిష్యూ మీద లేతగా ఆవిరి పట్టించి, మెలికని తిప్పి, ఆరేదాకా చేత్తో పట్టుకుంటే సరిపోతుంది. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చింది ఏదో పుస్తకంలో రాసుకోండి. అనుకున్న చుట్లన్నీ పట్టాక, రెండు మూడు రోజుల వేర్వేరు గాలిలో కూడా అలాగే ఎగిరితే అప్పుడు అంటించండి.

బరువు సంగతికి వస్తే, ఆ 13 గ్రాముల్ని ముక్కులో వెతక్కండి, తోకలో ఉంది. మీ కబ్‌లో బ్యాలెన్స్ పాయింట్ నుంచి ముక్కు 8 సెంటీమీటర్లుంటే తోక 28 దాకా ఉంటుంది. అంటే తోకలో ఒక గ్రాము తీసేస్తే ముక్కులో మూడున్నర గ్రాములు తీసెయ్యొచ్చు. కిట్‌లతో వచ్చే బల్సా తరచుగా గట్టిగా, బరువుగా ఉంటుంది. తోకకి మాత్రం ఘనమీటరుకి 70, 80 కిలోల సాంద్రత ఉన్న తేలికపాటి బల్సా విడిగా తెచ్చుకోండి. షీట్ తూచి ఘనపరిమాణంతో భాగిస్తే తెలిసిపోతుంది. గుండ్రటి అంచుల్ని ముక్కలు అతికి చెయ్యకుండా, సన్నటి బల్సా పట్టీలు మూడు నీళ్లలో తడిపి, అట్ట అచ్చు చుట్టూ వంచి, ఒకదానిమీదొకటి అంటించి చెయ్యండి. బలం పెరుగుతుంది, బరువు తగ్గుతుంది. తోక టిష్యూని బిగించే డోప్ అనే వార్నిష్ ఒక్క పూతే, అదీ బాగా పలచన చేసి. మీ రెక్క వైశాల్యానికి రబ్బరు లేకుండా 45 గ్రాముల్లోకి వస్తే ఈ కబ్ ఇంకా నెమ్మదిగా ఎగురుతుంది.

పాత తోకని కోసి తూచండి, కొత్తదాన్ని టిష్యూ వేశాక తూచండి. రెండు అంకెలూ ఇక్కడ రాస్తే ఎంత క్లే తియ్యొచ్చో లెక్కకట్టి చెబుతాను. కొత్త తోక పాతదాని కోణంలోనే కూర్చునేలా, కోసే ముందే అట్టతో ఒక అచ్చు తీసి పెట్టుకోండి.