అప్‌డేట్: గృహకూడికలో వచన ధ్యానం ఇప్పుడు ఇట్లా

దేవరకొండ వైపు మా గృహకూడికలో (ఇంట్ల కూడి బైబిల్ చదివి ప్రార్థన చేసుకునుడు) ఒక్క బైబిల్ వచనం పట్టుకొని తలా ఒక అర్థం చెప్తున్నరు, ఏం చేయాలని అడిగిన కదా. ఆ వచనానికి ముందూ వెనుకా ఉన్నవి గూడ చదవమన్నరు మీరు, అదే పనిచేసింది.

ఫిలిప్పీయులకు 4:13 (అపొస్తలుడు పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన పత్రిక) తీసుకున్నం. "సమస్తమును చేయగలను" దగ్గరే ఆగితే పరీక్ష పాసవుడు, బోరుల నీళ్లు పడుడు అన్నీ అందులకే వస్తయి. 10 నుంచి 20 దాక రెండుసార్లు గట్టిగ చదివితే తెలుస్తది: పౌలు బంధకాలల్ల ఉండి, కడుపు నిండినా ఆకలైనా తృప్తిగ ఉండుడు నేర్చుకున్న అంటున్నడు. చదువురాని పెద్దమ్మలకు "లేమి" అందలే. "ఇంట్ల గింజ లేని రోజు" అనంగనే తల ఊపిన్రు.

చదువుడు 10 నిమిషాలు, ఎవరు ఎవరికి ఎందుకు రాసిన్రో 15, మన బతుకుకు అన్వయం చివర్ల. అన్వయం ముందు పెడితే మళ్ల పాత తీరే. వచనాల అంకెలు పౌలు వేసినవి కావు, కొత్త నిబంధనకు 1551ల రొబెర్ ఎస్టియెన్ అచ్చుల వేసినవి. అంకె దగ్గర ఆగొద్దు, మాట పూర్తయ్యేదాక చదవాలె.

యిర్మీయా 29:11 (మీకు మేలే చేస్త అని దేవుడు చెప్పిన మాట) మాత్రం ఇంకా కష్టమే. వాగ్దానపు కార్డు మీద అదొక్కటే ఉంటది, 10వ వచనంలోని బబులోను చెర డెబ్బై ఏండ్లు ఉండవు.