కంచెకు అటు మూడు నెలల సాయం, ఇటు ఒక నెల: కరవు సాయం లెక్క ఎలా వేస్తారు?

ప్రశ్న:
అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్ర పశ్చిమ భాగంలో పశువులు పెంచే ఒక రైతుకు నేను లెక్కలు రాస్తుంటాను. ఆయన పొలానికి ఒక పక్కనున్న ముళ్లకంచే రెండు కౌంటీలకు, అంటే మన జిల్లాల్లాంటివాటికి, సరిహద్దు. కంచెకు రెండు వైపులా గడ్డి ఒకే తీరుగా ఎండింది, రెండు చెరువుల్లోనూ పగిలిన బురదే మిగిలింది. అయినా కరవులో మేత నష్టానికి ప్రభుత్వం సాయమిచ్చే లైవ్‌స్టాక్ ఫోరేజ్ డిజాస్టర్ ప్రోగ్రామ్ కింద పక్క రైతుకు మూడు నెలల సాయం రాగా, మా రైతుకు ఒక్క నెలదే వచ్చింది. దీనికి కారణమేమిటి? అదే వేసవిలో చనిపోయిన నాలుగు ఆవులకు పరిహారం అడగవచ్చా?

సమాధానం:
ఈ పథకానికి ప్రమాణం రైతు పొలం కాదు, కౌంటీ. ప్రతి గురువారం వెలువడే కరవు పటంలో కౌంటీలోని ఏ మూలనైనా డీ3, అంటే తీవ్రాతితీవ్ర కరవు, ఒక్క వారం కనిపించినా ఆ కౌంటీ అంతటికీ మూడు నెలల అర్హత వస్తుంది. దానికన్నా ఒక మెట్టు తక్కువైన డీ2 దగ్గరే ఆగిపోతే వారాలు లెక్కపెడతారు: ఒక నెల సాయానికి మునుపు వరుసగా 8 వారాలు ఉండవలసి వచ్చేది, 2025 చట్టం దాన్ని 4 వారాలకు తగ్గించింది. మీ పక్క కౌంటీలో డీ3 ఎక్కడో చివరన తాకి ఉంటుంది, పటం తీసి చూడండి. వాన పడిన పొలానికీ డబ్బు అందడం, ఎండిన పొలానికి అందకపోవడం ఈ పద్ధతిలో తప్పవు. ఇది న్యాయమని నేను అనను, కానీ ప్రతి బీడునూ విడిగా కొలవడం కన్నా త్వరగా డబ్బు చేతికి వస్తుంది. ఒక నెలకిచ్చే సొమ్మేమో, పశువుల మేత ఖర్చు, ఆ నేల మోయగల పశువులను బట్టి వేసిన ఖర్చు, ఈ రెండింటిలో తక్కువదానిలో 60 శాతం.

మరో సమాధానం:
ఆవుల విషయం వేరే పథకం కిందికి వస్తుంది. చనిపోయిన పశువులకు పరిహారమిచ్చే లైవ్‌స్టాక్ ఇండెమ్నిటీ ప్రోగ్రామ్ సగటు మార్కెట్ ధరలో 75 శాతం ఇస్తుంది, కానీ ఆంత్రాక్స్ సోకిన సందర్భంలో తప్ప కరవును మరణ కారణంగా ఒప్పుకోదు. తీవ్రమైన వడగాడ్పును ఒప్పుకుంటుంది. కాబట్టి ఆవులు ఏ తేదీల్లో పడిపోయాయో, ఆ రోజుల ఉష్ణోగ్రత ఎంతో ముందు తేల్చుకోండి. మామూలుగా ఏటా పోయే పశువుల సంఖ్యను మినహాయించాకే మిగిలినవాటికి లెక్క కడతారన్నది మరవకండి. మీ ప్రాంతంలోనే 2013 అక్టోబరు మంచు తుపానులో, చలికాలపు బొచ్చు ఇంకా రాని పశువులు వేలాదిగా చనిపోయాయి. అప్పటికి ఈ పథకం గడువు తీరిపోయి ఉంది, పైగా నిధులకు ఆమోదం దొరకక ప్రభుత్వ కార్యాలయాలు మూతపడటంతో అడిగే దిక్కు లేదు. 2014 వ్యవసాయ చట్టం వెనకటి తేదీ నుంచి దాన్ని వర్తింపజేసినప్పుడు, కళేబరాలు పూడ్చకముందే ఫొటోలు తీసి, చెవి బిళ్లలు దాచుకున్నవారికి పని సులువైంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. పటం చూశాను, ఆ కౌంటీ ఉత్తర కొసన డీ3 రెండు వారాలు ఉంది. మా రైతు కంచెకు అవతల కొంత బీడును కౌలుకు కూడా తీసుకున్నారు. ఆ నేలకు ఏ కౌంటీ లెక్క వర్తిస్తుంది?

మొదటి సమాధానం రాసినవారు:
నేల ఎక్కడుంటే ఆ కౌంటీదే. కౌలు పత్రంతో పాటు, రైతు వ్యవసాయ శాఖ కార్యాలయానికి ఇచ్చే ఎకరాల నివేదికలో ఆ బీడు నమోదై ఉండాలి. లేకుంటే దరఖాస్తు గడువైన మరుసటి ఏడాది మార్చి 1 లోపు కార్యాలయానికి వెళ్లి ఆ సంగతి తేల్చుకోండి.