ఫార్మాల్ ఎం ఇంజిన్‌లో కంప్రెషన్ పెంచడంపై సలహా కావాలి

అమెరికాలోని అయోవాలో జరిగే పాత ట్రాక్టర్ల పుల్లింగ్ పోటీల (బరువైన స్లెడ్‌ను, అంటే బరువు బండిని, లాగే పోటీల) కోసం 1947 నాటి ఫార్మాల్ ఎం ట్రాక్టర్ ఇంజిన్‌ను సిద్ధం చేస్తున్నాను. దీని బోర్ (సిలిండర్ వ్యాసం) 3.875 అంగుళాలు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 5.25 అంగుళాలు, బోర్‌ను 4 అంగుళాలకు పెంచితే నాలుగు సిలిండర్ల మొత్తం సామర్థ్యం 248 నుంచి 264 క్యూబిక్ అంగుళాలకు చేరుతుంది కాబట్టి అంతవరకు నిశ్చయించుకున్నాను. సందేహమంతా కంప్రెషన్ (సిలిండర్‌లో ఇంధన మిశ్రమాన్ని ఎంతగా నొక్కాలన్నది) గురించే: పైభాగం ఉబ్బెత్తుగా ఉన్న పిస్టన్లు వేయడం మేలా, లేక చదును పిస్టన్లే ఉంచి సిలిండర్ హెడ్‌ను మిల్లింగ్ చేయించడం (అడుగు భాగాన్ని కొంత చెక్కించడం) మేలా? హెడ్ మరీ ఎక్కువగా తీయిస్తే వాల్వులు పిస్టన్లకు తగులుతాయేమోనని, వాల్వులను కదిలించే పుష్‌రాడ్ల పొడవు కూడా తగ్గించాల్సి వస్తుందేమోనని వెనకాడుతున్నాను. పైగా 87 ఆక్టేన్ పెట్రోలుతో, స్లెడ్ బరువెక్కి ఇంజిన్ వేగం పడిపోయే ఆ చివరి అడుగుల్లోనే నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి పేలినట్టు మండడం) మొదలైతే పిస్టన్ రింగుల మధ్య గట్లు విరిగే ప్రమాదం ఉంది. ఈ ఇంజిన్‌ను స్వయంగా పోటీలో నడిపినవారు ఏ కంప్రెషన్ నిష్పత్తి దగ్గర ఆగారో, మాగ్నెటో (స్పార్క్ ప్లగ్‌లకు విద్యుత్తు ఇచ్చే పరికరం) టైమింగ్‌ను ఎంత మార్చారో దయచేసి తెలియజేయగలరు.