కార్ షెడ్డు మోటార్ డోర్ పైకి వెళ్తోంది, కిందికి రానంటోంది

కోట జంక్షన్: మాది విజయనగరం. బటన్ నొక్కితే డోర్ పైకి బాగానే వెళ్తుంది. దించితే జానెడు దిగి మళ్ళీ పైకి లేస్తోంది, మోటార్ లైటు టపటపా కొట్టుకుంటోంది. గోడ స్విచ్ నొక్కి పట్టుకుంటే మాత్రం దిగుతోంది. కింద అడ్డేదైనా ఉంటే పసిగట్టే సెన్సర్లలో పచ్చ లైటు వెలిగి ఆరుతోంది. బిగించినతను ఫోన్ ఎత్తట్లేదు. వైర్ పోయిందా, సెన్సర్ పోయిందా? ఊళ్ళో సెన్సర్ ఎక్కడ దొరుకుతుంది?

పలాస జీడిపప్పు: ఎలుకలు. మా దగ్గర 2018 తిత్లీ తుఫానుకి తట్టుకున్న వైరింగ్‌ని ఎలుకలు తినేశాయి. టేపు చుట్టిన జాయింట్లు విప్పి చూడండి, చిలుము పట్టి ఉంటాయి.

వంశధార గట్టు: సాయంత్రం పూటే వస్తోందా? పడమటి ఎండ నేరుగా రిసీవర్ కంట్లో పడితే, అవతలి సెన్సర్ పంపే కిరణాన్ని అది గుర్తుపట్టలేదు. రెండిటినీ అటుదిటు మార్చేయండి, ఎండ వీపు మీద పడుతుంది. మా ఇంట్లో పైసా ఖర్చు లేకుండా పోయింది జబ్బు.

గల్ఫ్ రిటర్న్: దోహాలో పెద్ద పెద్ద షోరూముల డోర్లు బిగించిన చెయ్యి ఇది. ఇంత చర్చ ఎందుకు? బోర్డు మీద సెన్సర్ టెర్మినల్స్ రెండిటికీ చిన్న వైరు ముక్కతో లూప్ కొట్టెయ్. గొడవ వదిలిపోద్ది.

నాగావళి: పిల్లలున్న ఇల్లయితే? కింద పాకుతున్న పిల్లాడి మీదికి దిగితే ఆపేది ఏది? అమెరికాలో ఇంటి గ్యారేజ్ మోటార్లకి ఇలాంటి రక్షణ 1993 నుంచి తప్పనిసరి. సెన్సర్‌ని నేలకి ఆరంగుళాల లోపే బిగించమనేది కూడా అందుకే.

గల్ఫ్ రిటర్న్: అమెరికా సంగతి మాకెందుకు బాబూ. మన ఊళ్ళో షట్టర్లన్నీ సెన్సర్ లేకుండానే దిగుతున్నాయి కదా.

వైరింగ్ మేస్త్రి: సార్, అసలు మీ లూప్ ఇక్కడ పనిచెయ్యదు. స్లైడింగ్ గేటు సెన్సర్ (ఫోటోసెల్)లో రిలే, అంటే దానంతటదే కలిసి విడిపోయే స్విచ్ ఉంటుంది, దానికి లూప్ కొడితే బోర్డు మోసపోతుంది. రెండు వైర్ల గ్యారేజ్ సెన్సర్ అలా కాదు, అదే జతలో పవరూ సిగ్నలూ నడుస్తాయి. కలిపేస్తే షార్టే. డోర్ ఇంకా మొండికేస్తుంది.

గల్ఫ్ రిటర్న్: నాకు నేర్పుతున్నావా? నీకెన్నేళ్ళు?

వైరింగ్ మేస్త్రి: వయసు అడిగితే వైర్ కలుస్తుందా సార్?

రాజాం రోడ్డు: గొడవ ఆపండి. మా శ్రీకాకుళం జిల్లాలో అయితే ఈ పని...

బొబ్బిలి కోడి: రాజాం 2022 నుంచి మా విజయనగరం జిల్లా కదండీ!

రాజాం రోడ్డు: కాగితం మీద. మనసులో ఇంకా శ్రీకాకుళమే. ఏటి చేస్తాం.

కోట జంక్షన్: జిల్లాల సంగతి తర్వాత. ఎండ లేనప్పుడూ ఇంతే. ఎలుక జాడ లేదు. వైర్ గోడలో పైపులోంచి వస్తుంది, అదే పైపులో కరెంటు వైరు కూడా ఉంది.

వైరింగ్ మేస్త్రి: అది మొదట్లోనే చెప్పాలి కదండీ! సన్న వైరు పక్కన కరెంటు వైరు వెళ్ళకూడదు. మెయిన్ ఆఫ్ చేసి, రెండు సెన్సర్లూ ఊడదీసి మోటార్ దగ్గరికి తెచ్చి, జానెడు కొత్త వైరుతో కలపండి. ఎదురెదురుగా పెట్టి మళ్ళీ ఆన్ చెయ్యండి. లైటు నిలబడితే సెన్సర్లు మంచివే, గోడలోదే తప్పు.

పలాస జీడిపప్పు: గోడలోకి ఎలుకలు వెళ్ళవా ఏంటి.

కోట జంక్షన్: చేశాను. రెండు లైట్లూ కదలకుండా వెలిగాయి. గోడ పగలగొట్టకుండా ఎలా?

వైరింగ్ మేస్త్రి: ఆ పైపు వదిలెయ్యండి. గోడ మీద పట్టీ కొట్టి విడిగా లాగండి. రాగి వైరే కొనండి, రాగి పూత పూసిన అల్యూమినియం అంటగడతారు. చాకుతో గీకితే తెల్లగా కనిపిస్తుంది.

గల్ఫ్ రిటర్న్: దోహాలో మేం పట్టీ కొట్టం. ఫ్లెక్సిబుల్ పైపే.

వంశధార గట్టు: ఎండ కూడా ఒకసారి చూసుకోండి.