ఊక కన్వేయర్‌కు థ్రస్ట్ వాషర్: గన్‌మెటలా, ప్లాస్టిక్కా?

మిల్లు_ఫిట్టర్ (మిర్యాలగూడ):
మా దిక్కు ఊక గుంజే స్క్రూ కన్వేయర్లకు చివర్ల గన్‌మెటల్ (కంచు లాంటి లోహం) థ్రస్ట్ వాషర్, అంటే షాఫ్ట్ పొడుగు దిక్కు తోపుడును ఆపే బిళ్ల, ఏసి గ్రీజు కొడ్తున్నరు, ఆ గ్రీజుకు ఊకదుమ్ము అంటుకొని సాన పట్టినట్టు షాఫ్ట్ మీద వాషర్‌కు ఆనుకునే కాలర్‌నే తినేస్తుంది. ఊకల సిలికా ఉంటది, ఉత్త దుమ్ము కాదది. గ్రీజే అక్కర్లేని వాషర్ ఏయాలంటున్న, గ్లాసో గ్రాఫైటో కలిపిన టెఫ్లాన్‌ది. ఓనర్లేమో ప్లాస్టిక్ ఏం ఆగుతదని కొట్టిపారేస్తున్రు. మీరేమంటరు?

పాలమూరు_లేత్:
ఓనర్ల మాటల తప్పేం లేదన్నా. టెఫ్లాన్ జారుతది గానీ గట్టిదనం లేదు, బరువు పడితే వేడి లేకున్నా మెల్లమెల్లగ పక్కలకు పారుతది. పైంగ ప్లాస్టిక్ వేడిని బయటికి పోనియ్యదు, గన్‌మెటల్‌ల నూరో వంతు కూడా పోదు. 1440 ఆర్‌పీఎం షాఫ్ట్‌కు నైలాన్ వాషర్ ఏస్తే కరిగి ముద్దయింది, నా కండ్లతోని చూసిన.

మిల్లు_ఫిట్టర్:
1440కి ఎవలు ఏయమన్నరు తమ్మీ? లెక్క చూడు. లోపల 30, బయట 50 ఎంఎం వాషర్, మీద 50 కిలోల తోపుడు అనుకో, చదరపు సెంటీమీటరుకు 4 కిలోలే పడ్తది. కన్వేయర్ తిరిగేది 100 ఆర్‌పీఎం, అంటే రాపిడి వేగం సెకనుకు 0.21 మీటర్లు, ఘర్షణ గుణకం 0.2 పెట్టుకున్నా పుట్టే వేడి 20 వాట్లు, అది షాఫ్టే గుంజుకుంటది. అదే 1440 అయితే వేగం 3 మీటర్లు, వేడి 300 వాట్లు, నైలాన్ నిలవదు, నేను కూడా ఏయను. బరువు, వేగం రెండూ గుణించి చూడాలె. నేను అన్నది కలిపిన టెఫ్లాన్, ఉత్తది కాదు, కలిపిందాంట్ల ఆ పారుడు బాగ తగ్గుతది.

బాయిల్డ్_రైస్_నల్గొండ:
ఒక ముచ్చట అందరు మరుస్తున్రు, నీళ్లు. నైలాన్ 6 పూర్తిగ నానితే 9 శాతం దాకా నీళ్లు తాగి ఉబ్బుతది. వడ్లు నానవెట్టే ట్యాంకుల కింద గ్యాప్ ఇడువకుండ ఏస్తే షాఫ్ట్ పట్టేస్తది. డెల్రిన్ (ఇంకో గట్టి ప్లాస్టిక్) తక్కువ తాగుతది గానీ ఆవిరిల ఎక్కువ రోజులుంటే అదీ చెడుతది. టెఫ్లాన్‌కు ఆ బాధ లేదు.

పాలమూరు_లేత్:
100 ఆర్‌పీఎం దగ్గర ఒప్పుకుంటనే. కానీ అన్నా, గ్లాసు కలిపింది ఏయకు. మన కాడ ఉండేది మైల్డ్ స్టీల్ షాఫ్ట్, గ్లాసు దాన్ని గీకుతది. కార్బన్, గ్రాఫైట్ కలిపింది అడుగు. కాలర్ మొఖం కూడా నున్నగ చేయించు, లేత్ గీతలు అట్లనే ఉంచితే ఆకురాయి లెక్క ప్లాస్టిక్‌ను కోసేస్తయి.

మిల్లు_ఫిట్టర్:
గ్లాసు మాట సరే తమ్మీ, కార్బన్‌దే తెప్పిస్త. ఏసినంక మాత్రం హెల్పర్ పిల్లలను గ్రీజు గన్ పట్టుకొని దాని దగ్గరికి పోనియ్యొద్దు. టెఫ్లాన్ అరిగి స్టీల్ మీద సన్నటి పొర పెడ్తది, ఆ పొర మీదనే నడుస్తది, గ్రీజు కొడితే ఆ పొర నిలవక మళ్ల దుమ్ము పడ్తది. అందుకే గ్రీజు కొట్టే నిపిల్ పీకి బోల్ట్ బిగిస్తా.

పాలమూరు_లేత్:
టెయిల్ ఎండ్‌ల, అంటే మోటరు లేని కొసకు, ఆ వాషర్ బిగించు. మోటరు తిప్పే డ్రైవ్ ఎండ్‌ల మాత్రం థ్రస్ట్ బేరింగ్ సీలు తోని ఉండాల్సిందే, ఆడ నేను తగ్గను.