బ్యాంకు పీఓ ఇంటర్వ్యూలో "రెండేళ్లు ఏం చేశావ్?" అంటే ఏం చెప్పాలి?

బందరు అభ్యర్థి: అందరికీ నమస్తే. బ్యాంకు ఉద్యోగాలకు పెట్టే ఐబీపీఎస్ పీఓ (ప్రొబేషనరీ ఆఫీసరు) పరీక్షలో మెయిన్స్ గట్టెక్కాను, ఇంటర్వ్యూ కాల్ లెటర్ వచ్చింది. మాది మచిలీపట్నం. మెకానికల్ బీటెక్, తర్వాత రెండేళ్లు గ్యాప్. "బీటెక్ చదివి బ్యాంకుకెందుకు?", "ఇన్నాళ్లూ ఏం చేశావ్?" ఈ రెండూ తలచుకుంటేనే టెన్షన్. కోచింగ్‌లో రాసిచ్చిన జవాబు బట్టీ పట్టాను గానీ నాకే నమ్మబుద్ధి కావట్లేదు.

బ్యాంకు ఆఫీసరు: ఆ కాగితం పక్కన పడెయ్ తమ్ముడూ. "దేశసేవ" అన్న మాట బోర్డువాళ్లు పొద్దున్నుంచి పదిసార్లు వినే ఉంటారు. గ్యాప్ గురించి ఉన్నదున్నట్టు రెండు వాక్యాలు చెప్పి ఊరుకో. సంజాయిషీ మొదలుపెట్టావో, అక్కడే తవ్వుతారు.

ఫారంలో బందరు అని ఉంటే ఆంధ్రా బ్యాంకు గురించి అడిగే అవకాశం ఎక్కువ. 1923లో మీ ఊళ్లోనే భోగరాజు పట్టాభి సీతారామయ్య పెట్టారు. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. "కలపడం మంచిదేనా?" అని అక్కణ్నుంచి అభిప్రాయంలోకి లాగుతారు. ఏదో ఒక పక్షాన నిలబడు, అవతలి వాదన కూడా ఒక్క మాట అను. గోడ మీద పిల్లిలా ఉంటే ఇంకా గుచ్చుతారు.

"మేనేజరు రూల్‌కి విరుద్ధంగా లోన్ పాస్ చెయ్యమంటే?" లాంటివీ ఉంటాయి. హీరోలా రిజైన్ చేస్తాననకు. ఏ రూల్ అడ్డొస్తోందో ఆయనకే చూపిస్తాను, వినకపోతే పై ఆఫీసుకు రాస్తాను అను, చాలు.

బందరు అభ్యర్థి: థాంక్స్ అన్నా. అసలు తెలియనిది అడిగితే?

గతేడాది సెలెక్టయిన అక్క: "సారీ సర్, తెలియదు" అనెయ్. బ్యాంకుల మధ్య పెద్ద మొత్తాలు పంపే ఆర్టీజీఎస్‌కి కనీస మొత్తం ఎంతంటే నేను కంగారులో లక్ష అన్నాను, మళ్లీ ఐదు లక్షలన్నాను. రెండు లక్షలని తెలుసు, నోటికి రాలేదు! మిగతా టైమంతా డిజిటల్ పేమెంట్ల మీదే నడిచింది. మరీ బెంగపడకు, ఇంటర్వ్యూ వెయిటేజీ 20 శాతమే, మిగతా 80 మెయిన్స్‌ది.

బందరు అభ్యర్థి: ఒక డౌట్ అక్కా. గ్యాప్‌లో చిలకలపూడిలో మా మామయ్య రోల్డ్ గోల్డ్ నగల షెడ్డులో లెక్కలు చూశాను. ప్రెస్ మెషిన్ కొనడానికి చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర లోన్ కాగితాలూ నేనే సిద్ధం చేశాను. ఇది చెప్పొచ్చా?

బ్యాంకు ఆఫీసరు: ఇన్నాళ్లూ దాన్ని దాచి కాగితం బట్టీ పడుతున్నావా! నీ రెండు ప్రశ్నలకీ జవాబు అదే. కాకపోతే ముద్ర అన్నాక పరిమితులు అడుగుతారు: శిశు 50 వేలు, కిశోర్ 5 లక్షలు, తరుణ్ 10 లక్షలు, అది తీర్చినవాళ్లకు తరుణ్ ప్లస్ 20 లక్షలు. మామయ్యది ఎందులోకి వచ్చిందో, వడ్డీ ఎంతో ఈ రాత్రికే అడిగి పెట్టుకో.